టెలెస్ఫోర్ ఎడమకన్ను

నవంబరు రెండో ఆదివారం మధ్యాహ్నం క్లోవిస్ డైగల్ కాగితంలో పదకొండు కన్నాలు కనిపించాయి. ఉండాల్సినవి పది.

చర్చి హాలు కింద నేలమాళిగలో ఆ క్లబ్బు ఉంది. ఉత్తర మెయిన్ రాష్ట్రంలో, రెండు దేశాల మధ్య పారే నదికి ఇవతలి ఒడ్డున, ఆ ఊళ్లో చలికాలం ఆదివారాలన్నీ ఒకేలా గడుస్తాయి. పైన ఆడవాళ్లు పెద్ద డేగిసాలో కోడి పులుసు ఉడికిస్తుంటారు. కింద నలుగురు చాపల మీద బోర్లా పడుకుని, యాభై అడుగుల అవతల గోడకు తగిలించిన కాగితాల మీద నల్ల చుక్కని చిన్న తూటాల రైఫిళ్లతో కొడుతుంటారు. మనిషికి పది తూటాలు. పైన ఎవరో కుర్చీ జరిపితే కింద పడుకున్నవాళ్ల వీపుల మీద సున్నం రాలుతుంది. ఎవరూ పట్టించుకోరు.

అయిపోయాక కాగితాలు తెచ్చి, సగం మంచులో మునిగిపోయిన చిన్న కిటికీకి అడ్డం పట్టి లెక్కపెట్టడం అక్కడి అలవాటు. వెలుతురు కన్నాల్లోంచి వస్తుంది. ఒక్కో కాగితం ఒక్కో చిన్న ఆకాశం.

"పదకొండు," అన్నాడు క్లోవిస్. ఆయన డెబ్బై రెండేళ్ల మనిషి, జట్టు కెప్టెన్, సరిహద్దు వంతెన దగ్గర గుమాస్తాగా పనిచేసి దిగిపోయినవాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ పదకొండే. "నేనే ఒకటి ఎక్కువ కాల్చేశానన్నమాట. పదిదాకా లెక్కపెట్టడం కూడా రాకుండా పోతోంది నాకు," అని నవ్వాడు.

తర్వాత ఆల్మా పెల్టియే కాగితం కిటికీకి పట్టారు. అందులో తొమ్మిది ఉన్నాయి. క్లోవిస్ కళ్లజోడు పైకెత్తి, ముక్కు కాగితానికి ఆనించి చూశాడు. ఒక కన్నం మిగిలినవాటికంటే కొంచెం వెడల్పుగా ఉంది.

"ఇది చూడండర్రా. ఒకే కన్నంలోంచి రెండు పంపించింది. నా జన్మలో ఇలాంటిది రెండుసార్లు చూశాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆల్మా నవ్వింది. ఆ నవ్వు తర్వాత రెండు నెలలపాటు గొంతులో కోడి ఎముకలా అడ్డం పడి ఉంది. తన పదో తూటా ఎటు పోయిందో ఆమెకు తెలుసు. పక్క చాప మీద పడుకున్న క్లోవిస్ కాగితంలోకి పోయింది.

ఆల్మాకు అరవై ఒకటి. ముప్పై ఏళ్లుగా బంగాళాదుంపల షెడ్డులో బెల్టు పక్కన నిలబడి, కుళ్లినవీ పచ్చబడినవీ ఏరి పారేస్తుంది. ఆమె ముందు నుంచి వెళ్లిన దుంపల్ని నదిలో పోస్తే అవతలి దేశానికి నడిచి వెళ్లొచ్చు. నిద్రలో కూడా బెల్టు ఆగదు. మెత్తగా, గుండ్రంగా, చీకట్లోంచి చీకట్లోకి దుంపలు పోతూనే ఉంటాయి. ఆమె చెయ్యి దుప్పటి మీద అప్పుడప్పుడూ ఒకదాన్ని ఏరి పక్కన పడేస్తుంది. పక్కన ఉండేది పిల్లి, దాని పేరు బిషప్. దానికి అలవాటైపోయింది.

ఈ కదిలే లోకంలో కదలనిది ఆల్మాకు ఒకటే ఉంది, రైఫిలు మీద గురి చూసే గొట్టం, ఆ స్కోపులో కనిపించే నల్ల చుక్క. చెంప రైఫిలు కర్రకి ఆనించి, ఊపిరి సగం వదిలి, అందులోకి చూస్తే చాలు. చుక్క నిలబడుతుంది. ఊరు నిలబడుతుంది. షెడ్డూ, మంచూ, పైన కుర్చీలూ, అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. వారానికి పదిసార్లు అలా ఆగేది. దానికోసమే ఇరవై ఎనిమిదేళ్లుగా మూడో చాప ఆమెది.

ఆ యేడు ఆకురాలు కాలంలో ఆ చుక్క మాయమైంది. కుడికన్నుతో దాన్ని చూడబోతే అక్కడ వేలిముద్ర పడిన అద్దంలా మసక. పక్కకి చూస్తే చుక్క తిరిగొస్తుంది, చూపు దాని మీదికి తెస్తే సిగ్గుపడ్డట్టు తప్పుకుంటుంది. నలభై మైళ్ల అవతలి కంటి డాక్టరు, కన్ను నడిమధ్యలో అరిగిపోయిందనీ, ఎడమది బంగారంలా ఉందనీ, కారు నడపొచ్చనీ, దుంపలు ఏరొచ్చనీ చెప్పాడు. చుక్క సంగతి ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

కాల్చలేనివాళ్ల కోసం నేలమాళిగలో పొయ్యి పక్కన ఎర్ర మెత్త వేసిన కుర్చీ ఒకటుంది. అందులో కూర్చున్నవాళ్ల పని కాగితాలు కిటికీకి పట్టడం. ఇదివరకు అందులో తొమ్మిది చలికాలాలు కూర్చున్న ముసలాయనతో అందరూ గట్టిగా, నెమ్మదిగా, పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడేవారు. పులుసులో ఎముకలు కూడా తీసి ఇచ్చేవారు. ఆల్మాకు ఆ కుర్చీ అంటే చావుకంటే భయం. పైగా ఊళ్ల మధ్య పోటీల లీగులో జట్టుకి నలుగురుండాలి. ఉన్నదే నలుగురు: క్లోవిస్, ఆల్మా, మిషో అక్కచెల్లెళ్లిద్దరు.

ఎడమ భుజం మీద పెట్టి కాల్చి చూసింది. ఎడమ చేత్తో సంతకం పెట్టినట్టుంది. కుడి భుజం మీదే ఉంచి, ఎడమకన్ను స్కోపు దగ్గరికి తేవాలని మెడ వంచింది. మెడ ఒప్పుకోలేదు. నాలుగు రోజులు తల పక్కకి వాల్చుకుని తిరిగింది. షెడ్డులో అందరూ, ఏమిటి ఆల్మా, ఏదో వింటున్నట్టున్నావు అన్నారు.

ఒక పొద్దున బెల్టు మీద వంకర దుంప ఒకటి వచ్చింది. మెడ సాచి పక్కింట్లోకి తొంగి చూస్తున్నట్టుంది. దాన్ని చేతిలో పట్టుకుని ఆల్మా అలాగే నిలబడిపోయింది. కన్ను స్కోపు దగ్గరికి పోలేకపోతే స్కోపే కన్ను దగ్గరికి రావచ్చు కదా. రైఫిలు మీద స్కోపుని బిగించే మౌంటు నిటారుగా ఉండాలని ఎవరన్నారు? అది పక్కకి వాలి, చెయ్యి చాచినట్టు, స్కోపుని తెచ్చి ఎడమకన్ను ముందు పెట్టొచ్చు.

అలాంటిది కొనడానికి దొరకదు. ఫిలియాస్ చెయ్యాల్సిందే.

ఫిలియాస్ గయ్యే షెడ్డు ఊరి చివర ఉంది. దుంపలు తవ్వే యంత్రాల విరిగిన పళ్లు, తెగిన గొలుసులు అక్కడికొస్తాయి. ఆయనకి రెండు పట్టింపులు. ఏదైనా ఒక్కటే చేస్తాడు, అదే మళ్లీ చెయ్యమంటే ఫ్యాక్టరీకి పొమ్మంటాడు. రెండోది, కాగితం మీద ఏది గీసిస్తే అదే చేస్తాడు. ఒకసారి ఓ రైతు తొందర్లో డబ్బా బొమ్మ తలకిందులుగా గీసిస్తే, మూత కిందికి ఉన్న డబ్బా అతి శ్రద్ధగా చేసిచ్చాడు.

"నాక్కాదు," అంది ఆల్మా, ఆయన ఏమీ అడగకముందే.

"ఏది నీక్కాదు?"

ఏం కావాలో చెప్పింది. "మా చిన్నాన్న కొడుకు. నదికి అవతల ఉంటాడు. వాడికి."

"పేరు?"

ఆల్మా కళ్ల ముందు పేరు ఒక్కటీ లేదు. గోడ మీది పాత క్యాలెండరులో సెయింటు ఒకాయన గడ్డంతో చూస్తున్నాడు, బొమ్మ కింద ఆయన పేరుంది. "టెలెస్ఫోర్."

"ఈ కాలంలో కూడా ఆ పేరుతో బతుకుతున్నవాళ్లున్నారా? ఏం చేస్తుంటాడు?"

"తేనెటీగలు పెంచుతాడు."

"కంట్లో కుట్టాయా?"

"ఆ... కుట్టాయి."

"పాపం," అన్నాడు ఫిలియాస్, చేతులు తుడుచుకుంటూ. "సరే. చెంప ఆనించినప్పుడు కన్ను ఎంత పక్కకుంటుంది, ఎంత పైకి, ఎన్ని డిగ్రీల వాలు కావాలి, అన్నీ కాగితం మీద రాయించుకురా. నోటితో చెప్పకు. మాటలతో నేను ఇనుము కొయ్యలేను."

మర్నాడు పొద్దున ఆల్మా పడగ్గదిలో అద్దం బీరువా ముందు దుంపల బస్తా వేసి, ఖాళీ రైఫిలు దాని మీద పెట్టి, చాప పరుచుకుని బోర్లా పడుకుంది. బిషప్ వచ్చి బస్తా ఎక్కింది. దింపింది. మళ్లీ ఎక్కింది. చివరికి పిల్లితో సహా కొలిచింది. స్కేలుతో కంటికీ గొట్టానికీ మధ్య దూరం, బడి పిల్లల కోణమానినితో వాలు: ముప్పై రెండు డిగ్రీలు. అద్దంలోకి చూస్తూ, చూసినది చూసినట్టు గీసింది. గొట్టం గుండ్రటి నోరు, దాని మీద వాలిన చెయ్యి, చివర స్కోపు, దాని వెనక కన్ను, చెంప, చెవి. గీస్తున్నకొద్దీ అద్దంలో పడుకున్నది తాను కాదనిపించింది. నదికి అవతల, మంచు కప్పిన తేనె పెట్టెల మధ్య, ఒక మనిషి బోర్లా పడుకుని ఇటే గురి చూస్తున్నాడు. వాడికేమీ తొందర లేదు. వాడి ఈగలన్నీ పెట్టెల్లో ఒకదాన్నొకటి కరుచుకుని వెచ్చగా నిద్రపోతున్నాయి. ఎవరి కాగితంలో ఎన్ని కన్నాలున్నాయో వాడికి అక్కర్లేదు. ఆల్మాకు వాడంటే కొంచెం ఇష్టం కూడా కలిగింది.

కానీ ఊళ్లో మాట నిలవదు. క్రిస్మసుకి ముందు ఆదివారం చర్చి మెట్ల మీద క్లోవిస్ ఆమెని పట్టుకున్నాడు.

"ఏమ్మాయ్, నీకో తేనెటీగల తమ్ముడున్నాడట. రైఫిలు పడతాడట. ఇన్నేళ్లూ దాచావా?"

"వాడికి ఒక కన్నే పనిచేస్తుందండీ."

"రెండో కన్ను ఎలాగూ మూసుకునేదే కదా."

"మనుషులంటే బిడియం."

"బోర్లా పడుకునేవాడికి బిడియమేమిటి? పులుసుంటుందని చెప్పు, వస్తాడు." అని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆల్మా, నిజంగానే అడుగుతున్నా. నా చోట్లోకి ఒక మనిషి కావాలి. జనవరి మ్యాచ్ అయ్యాక నేను మానేస్తున్నాను."

"అదేంటండీ?"

"ఆ పదకొండు నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు. పది తూటాలే పెట్టుకున్నానని ఒట్టేసి చెప్పగలను. మరి పదకొండోది ఎక్కణ్ణుంచి వచ్చింది? లెక్క తప్పుతోందన్నమాట. మా నాన్నకి ఇలాగే మొదలైంది. మా ఆవిడ మతిమరుపుకని రోజూ చేపనూనె తాగిస్తోంది. డాక్టరు బొమ్మలు చూపించి ఇది ఏనుగా గుర్రమా అని అడిగాడు. చెప్పాననుకో. కానీ లెక్క తెలియనివాడి చేతిలో తుపాకీ ఉండకూడదు కదా."

ఆల్మా నోరు తెరిచింది. ఎర్ర మెత్త కుర్చీ కళ్ల ముందుకొచ్చింది. ఈలోగా క్లోవిస్ భార్య కారులోంచి హారన్ కొట్టింది, ఆయన వెళ్లిపోయాడు. ముందు మౌంటు రానీ, కాల్చగలనని చూపించి అప్పుడు చెప్తాను అనుకుంది ఆల్మా. ఆ అనుకోవడం ఎంత బాగున్నా ఆ వారమంతా నిద్రలో బెల్టు మీద దుంపలకి బదులు చేపనూనె సీసాలు పోయాయి. ఒక్కటీ ఏరలేకపోయింది.

జనవరి మ్యాచ్‌కి ముందురోజు మధ్యాహ్నం ఫిలియాస్ మౌంటుని ఫ్లానెల్ గుడ్డలో చుట్టి ఇచ్చాడు. చంటిబిడ్డంత బరువుగా, వెచ్చగా ఉంది. పొయ్యి పక్కన పెట్టాడు కాబోలు.

"సరిపోకపోతే నది దాటి వచ్చేది లేదని మీ వాడికి చెప్పు," అన్నాడు.

ఆల్మా ఇంటికెళ్లి, స్కోపు దానికి తగిలించి, రైఫిలు మీద బిగించింది. పనితనం అద్దంలా ఉంది. బోర్లా పడుకుని చెంప ఆనించింది. ఎదురుగా ఏమీ లేదు. తల కొంచెం ఎత్తి చూసింది. స్కోపు కుడిపక్కన, చెవి దగ్గర, ఏదో రహస్యం చెప్పడానికి వచ్చినట్టు నిలబడి ఉంది.

చాలాసేపు అలాగే పడుకుంది. తర్వాత లేచి అద్దం ముందు నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తింది. అద్దంలో చెయ్యి కూడా ఎడమవైపే లేచింది. నిజంగా ఎదురుగా ఇంకో మనిషి నిలబడి ఎడమ చెయ్యెత్తితే అది అటువైపు లేవాలి. ఎదుటి మనిషి బొమ్మ అనుకుని చూసేవాడికి తను గీసినది కుడికన్ను. ఫిలియాస్ కాగితం మీద ఉన్నట్టే చేశాడు.

ఆదివారం పక్క ఊరి జట్టు నలుగురూ బూట్ల మంచు దులుపుకుంటూ దిగారు. ఆల్మా రైఫిలు సంచీ భుజాన వేసుకుని వచ్చేసరికి క్లోవిస్ పొయ్యి దగ్గర ఎర్ర మెత్తని తీసి, తలుపు బయట పట్టుకుని దుమ్ము దులుపుతున్నాడు. తెచ్చి కుర్చీలో వేసి, ఒకసారి కూర్చుని చూశాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు, ఈసారి వెనక్కి ఆనుకుని.

"పర్లేదు. నడుముకి బాగానే ఉంది," అన్నాడు.

ఆల్మా అక్కడే సంచీ దించింది.

"క్లోవిస్ గారూ, ఆ పదకొండోది నాది."

"ఏ పదకొండోది?"

"మీ కాగితంలోది. నేనే కొట్టాను. నా కుడికన్ను పోయింది. చుక్క మాయమైపోయి మీ చుక్క దొర్లుకుంటూ వచ్చింది. వేలు అప్పటికే నొక్కేసింది. ఒకే కన్నంలో రెండు అన్నారే, అవి రెండు కావు, ఒకటే. కాగితం చిరిగింది అంతే."

క్లోవిస్ కుర్చీలోంచి ఆమెని చూశాడు. పక్క ఊరివాళ్లు గోడ మీది పాత ఫోటోలు చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు.

"రెండు నెలలు," అన్నాడు ఆయన. "రెండు నెలలు చేపనూనె తాగాను, ఆల్మా. పొద్దున్నే. చెంచా కాదు, గరిటె."

"తెలుసండీ."

"ఏనుగు బొమ్మ చూసి ఏనుగు అన్నాను. అయినా ఇంటికెళ్లి ఆలోచించాను, అది ఏనుగేనా అని."

"తప్పయిపోయింది. మీరు మీ చాప మీదికి వెళ్లండి. నేను కూర్చుంటాను."

ఆయన లేవలేదు. కోపం వచ్చింది, అది కనపడుతూనే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. కానీ దానితోపాటు ఇంకేదో కూడా మొహంలోకి వస్తోంది, బరువు దించుకున్న కూలీ మొహంలోకి వచ్చేలాంటిది. దాన్ని ఆపుకోవడానికి మీసం కొరుక్కున్నాడు.

"నువ్వు కూర్చుంటే నాలుగోవాడెవరు? మీ తమ్ముణ్ణి తీసుకొచ్చావా?"

"తమ్ముడు లేడు. మౌంటు నాకే చేయించుకున్నాను. అదీ తప్పు గీశాను." సంచీ విప్పి చూపించింది.

క్లోవిస్ రైఫిలు వైపు చూసి, మెట్ల వైపు తిరిగి, ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతుతో, "ఫిలియాస్, ఒకసారి కిందికి రా," అని కేకేశాడు.

ఫిలియాస్ ఒక చేతిలో పులుసు గిన్నె, ఇంకో చేతిలో మడత పెట్టిన బక్‌వీట్ పిండి అట్టుతో దిగాడు. రైఫిలుని అటూ ఇటూ చూశాడు.

"కాగితం మీద ఉన్నట్టే ఉంది."

"కాగితమే తప్పు," అంది ఆల్మా. "అద్దంలో చూసి గీశాను. ఇంకో సంగతి. టెలెస్ఫోర్ అనేవాడు లేడు."

"తెలుసు. బొమ్మలో చెవికి లోలాకు గీశావు. తేనెటీగలవాడికి లోలాకెందుకా అని ఒక పూటంతా ఆలోచించాను."

"మరి అడగలేదేం?"

"లోలాకు చెయ్యమని చెప్పలేదు కదా."

గిన్నె క్లోవిస్ చేతిలో పెట్టి, అట్టు నోట్లో కుక్కుకుని, జేబులోంచి నాణెం తీసి మౌంటు మరలు రెండూ వదులు చేశాడు. మౌంటుని ఎత్తి, ముందుది వెనక్కి వచ్చేలా తిప్పి, మళ్లీ గాడిలో కూర్చోబెట్టాడు. కుడికి వాలిన చెయ్యి ఎడమకి వాలింది. స్కోపుని కూడా కన్ను పెట్టే కొస వెనక్కి వచ్చేలా తిప్పి బిగించాడు. ఆల్మా వేలితో మౌంటుని కదిపి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"నిన్ననే తిప్పి ఇవ్వొచ్చు కదా."

"కాగితం మీద లేదు," అన్నాడు ఫిలియాస్, గిన్నె తిరిగి తీసుకుంటూ. అందులో ఒక ముక్క తగ్గింది. క్లోవిస్ మూతి తుడుచుకున్నాడు.

"మూడో చాప," అన్నాడు ఆల్మాతో, ఇంకా ఆమె మొహం చూడకుండానే. "సరిచూసుకోవడానికి ఎన్ని కావాలంటే అన్ని కాల్చుకో. పక్క ఊరివాళ్లు ఆగుతారు. కుర్చీ సంగతి తర్వాత. నీతో నేను ఒక వారం మాట్లాడను. అది కూడా తర్వాత."

ఆల్మా పడుకుంది. చెంప కర్రకి ఆనింది. మెడ వంచలేదు, చెయ్యి మార్చలేదు. ఎడమకన్ను తెరిచి ఉంది, స్కోపు దాని ముందుకి తనంతట తానే వచ్చినట్టుంది. లోపల నల్ల చుక్క. దాన్ని సూటిగా చూసింది. అది తప్పుకోలేదు.

మొదటి తూటాలు కొత్తింట్లో గదులు వెతుక్కున్నట్టు అక్కడా ఇక్కడా తగిలాయి. స్కోపు మరలు తిప్పింది, ఇంకో తూటా, ఇంకోటి. తర్వాత మ్యాచ్ మొదలైంది. గొప్పగా ఏమీ కొట్టలేదు. ఒకటి అంచున పడింది, రెండోది ఇంకా అంచున. కానీ ప్రతిసారీ, వేలు నొక్కేముందు, అంతా ఆగింది. పైన కుర్చీ జరిగిన చప్పుడు సగంలో ఆగింది. వీపు మీద రాలాల్సిన సున్నం గాల్లో ఆగింది. ఎక్కడో బెల్టు ఆగి, దాని మీద దుంపలన్నీ ఒక్కసారి పక్కకి ఒత్తిగిలి పడుకున్నాయి.

తొమ్మిది అయ్యాయి. ఒకటి మిగిలింది.

అటుపక్కా ఇటుపక్కా రైఫిళ్లు ఒక్కొక్కటే మౌనమయ్యాయి. ఆఖరి మనిషి ఆఖరి తూటా కాల్చేదాకా ఎవరూ చాప మీంచి లేవకూడదు, అది అక్కడి నియమం. మిషో అక్కచెల్లెళ్లు చేతుల మీద గడ్డాలు ఆనించుకుని పడుకున్నారు. పక్క ఊరివాళ్లు పడుకున్నారు. పక్క చాప మీద క్లోవిస్ ఖాళీ రైఫిలు పక్కన పెట్టి, బోర్లా పడుకుని, ముందుకే చూస్తున్నాడు. పులుసు వాసన మెట్ల మీంచి నెమ్మదిగా దిగొచ్చి ఏడుగురి మీద దుప్పటిలా పరుచుకుంది. తొందరపడమని ఎవరూ దగ్గలేదు.

ఆల్మాకు వాళ్లందరూ ఎదురుచూస్తున్నారని తెలుసు. చుక్క నిలబడే ఉంది. ఊపిరి సగం వదిలింది. ఇంకాస్త చూసుకుంది, బాగా తెలిసిన మొహాన్ని చూసుకున్నట్టు. కిటికీ బయట మంచు మళ్లీ మొదలైంది కాబోలు, గదిలో వెలుతురు మెల్లగా నీలిరంగుకి తిరుగుతోంది. ఎవరో ఒకరు నిద్రలోకి జారి చిన్నగా గురక పెట్టారు.

అప్పుడు కాల్చింది.